మైదానం గట్టున మౌన దీక్ష

2011 అక్టోబరు 2, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, ఒక ఫుట్‌బాల్ ఆటతో ఇదంతా మొదలైంది. ఆ రోజు ఆటకు సమయం చూసే పని నాది, గడియారం నా చేతికే ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు రాయడానికి కారణం బంతిపూలు. నిన్న సాయంత్రం మా వీధి చివర ఆటోవాళ్ళ పిల్లలు పండుగకు బండ్లకు కట్టే దండలు గుచ్చుతూ, సూదిలోకి దారం ఎక్కక నన్ను పిలిచారు. దారం ఎక్కించి ఊరుకోకుండా నాలుగు పూలకు తొడిమలు కూడా తుంచి ఇచ్చాను. బంతిపూల తొడిమలోని ఆ పచ్చి, చేదు వాసన వేళ్ళకు అంటుకుంది. సబ్బు పెట్టి కడిగినా పోలేదు. అన్నం కలుపుకుంటుంటే మళ్ళీ అదే వాసన. కంచం ముందు కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ వాసనతో అందరికీ పండుగ గుర్తుకొస్తుంది. నాకు మాత్రం మెడలో దండలు వేసుకుని, నోళ్ళు మూసుకుని, ఒక షామియానా కింద బుద్ధిగా కూర్చున్న ముప్పై ఒక్కమంది తల్లిదండ్రులు గుర్తుకొస్తారు. వాళ్ళను అలా కూర్చోబెట్టిన కమ్లీ గుర్తుకొస్తుంది.

కమ్లీ మా జనగామ బడికి 2004 జూన్‌లో వ్యాయామం టీచరుగా వచ్చింది. తొర్రూరు అవతల ఒక తండాలో పుట్టిన మనిషి. పొట్టిగా ఉండేది. చీర కొంగు నడుముకు బిగించి, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు తొడిగి, మెడలో ఎర్ర దారానికి ఈల వేసుకుని వచ్చేది. ఇంట్లో లంబాడీ, బయట మా తెలుగు మాట్లాడేది. ఏ భాషలోనూ ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. గట్టిగా చెప్పవలసినది ఏదైనా ఉంటే ఈల చెప్పేది. హాస్టల్లో చదువుకునే రోజుల్లో నేర్చుకున్న ఫుట్‌బాల్ అంటే ఆమెకు ప్రాణం. నేను అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. నాకంటే ఆమె ఇరవై రెండేళ్ళు చిన్నది. అంత చిన్నదాని దగ్గర మీరు నేర్చుకున్నదేమిటని మా చెల్లెలు ఇప్పటికీ అడుగుతుంది. ఆమె కోసమే కాదు, కమ్లీని ఎన్నడూ చూడనివాళ్ళ కోసం కూడా ఇది రాస్తున్నాను.

ఆమె పద్ధతి నాకు మొదటిసారి కనిపించింది ఒక ఆలస్యపు పిల్ల విషయంలో. ఏడో తరగతిలో ఒక అమ్మాయి రోజూ బెల్లు కొట్టాక వచ్చేది. నేను గుమ్మం బయట నిలబెట్టేదాన్ని. ఒక ఏడాదిలో ఎన్ని రోజులు నిలబెట్టానో నా దగ్గర లెక్క ఉండేది. ఆ పిల్ల మాత్రం ఒక్కరోజు కూడా ముందుగా రాలేదు. కమ్లీ ఆ పిల్లను పిలిచి, మైదానంలో సున్నం గీతలు గీసే పని అప్పజెప్పింది. గీతలు లేకుండా ఆట మొదలుకాదు కదా, అందుకని పిల్ల అందరికంటే ముందు రావడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి చూశాను. గీత గోలు వైపు పోతూ పోతూ ఒక పక్కకు వంగిపోయింది.

"కమ్లీ, ఇది సరళరేఖ కాదు" అన్నాను.

"గీత వంకరైతె ఏందక్కా? పిల్ల మొదట ఒచ్చింది గద" అంది.

నాకు ఆ జవాబు నచ్చలేదు. గీత గీతే, పిల్ల పిల్లే అనుకున్నాను. ఆరేళ్ళు అదే బడిలో ఆమెతో పనిచేసి, 2010లో నేను రిటైరయ్యాను. అప్పటికి మా మధ్య స్నేహం కుదిరింది గానీ, ఆమె పద్ధతి నాకు పూర్తిగా ఒంటబట్టలేదు. మరుసటి ఏడాది సకల జనుల సమ్మె వచ్చింది.

ఆ సమ్మె గురించి చాలామంది చాలా రాశారు. మైదానం గట్టున నిలబడి చూసినవాళ్ళు మాత్రం ఒక విషయం చెబుతారు: ఆ రోజుల్లో తండ్రులందరూ ఖాళీ. బస్సులు కదలవు. ఆఫీసుల తలుపులు తీయరు. బడులు లేవు. పొద్దున సమ్మె శిబిరంలో వంతుల ప్రకారం కూర్చుని, నినాదాలిచ్చి, ఫొటో దిగి, పదింటికల్లా ఇంటికొస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకోరు. "ఆడ ధర్నా అయిపోయింది గద, ఈడ నా పొయ్యికాడ ఎందుకు కూసున్నవ్?" అనేవారు. కమ్లీ దగ్గర ఆట నేర్చుకునే పిల్లలు మూడేళ్ళుగా ఆ మైదానంలో ఆడుతున్నా, ఏ తండ్రీ గేటు దాకా వచ్చి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు అందరూ వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు, శిబిరంలో నేర్చినదంతా వెంట తెచ్చుకున్నారు.

బడులు మూసి పిల్లలు బజార్ల వెంట తిరుగుతున్నారని కమ్లీ రెండు ఆటలు కుదిర్చింది. మొదటిది మహబూబాబాదు పిల్లలతో, రెండోది భూపాలపల్లి బొగ్గు గని కాలనీ పిల్లలతో. జట్టుకు ఏడుగురు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే. యాభై నిమిషాల ఆట, రెఫరీ కమ్లీయే. మహబూబాబాదును మేము మానుకోట అంటాం. ఆ పిల్లలు తల్లిదండ్రులతో సహా శనివారమే రైల్లో వచ్చి చుట్టాల ఇళ్ళలో దిగారు. మా జనగామ జట్టుకు గోల్‌కీపర్ పన్నెండేళ్ళ శిరీష. చేతులకు కమ్లీ వాళ్ళాయన మోటారు సైకిలు తొడుగులు వేసుకుని నిలబడేది. శిరీష నాయన భిక్షపతి బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్ళు హారన్ కొట్టి కొట్టి, బండి ఆగిపోయేసరికి తనే హారన్ అయినట్టు ఉండేవాడు. మంచి మనిషే. కానీ గట్టున నిలబడ్డాడంటే ఇంకో మనిషి.

"సిరీ! ముంగటికి ఉరుకవేందే? ఆడ నిలవడి తపస్సు జేస్తున్నవా?"

ఆ పిల్ల గోల్‌కీపర్ అనీ, అక్కడే నిలబడాలనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినిపించుకునే స్థితిలో లేడు. శిరీష రెండుసార్లు నాయన మాట విని ముందుకు పరుగెత్తింది. రెండుసార్లూ ఆమె వెనకనుంచి గోలు పడింది. ఇటు మానుకోట వైపు గొడుగు పట్టుకున్న ఒక పెద్దమనిషి, "గా టీచరమ్మకు కండ్లు కనవడ్తలేవ్! జనగామోళ్ళ మనిషి ఈల ఊదితె మాకు న్యాయమెట్లయితది?" అని ప్రతి ఈలకూ గొడుగు ఎత్తుతున్నాడు. ఆయన అలా అంటుండగానే కమ్లీ మానుకోటకు పెనాల్టీ ఇచ్చింది. అంతే, మా జనగామ తండ్రులు పదిహేను మంది గీత దాటి లోపలికొచ్చి, పెనాల్టీ కొట్టే చోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"రెఫరీ రాజీనామా!"

"చెయ్యాలె, చెయ్యాలె!"

కమ్లీ భిక్షపతి దగ్గర వంగి, "అన్నా, బంతి పెట్టే జాగల కూసున్నవ్" అంది.

"అందుకేగద కూసున్నది! గీ పెనాల్టీ వాపస్ తీసుకునేదాక లేచేది లేదు" అన్నాడు భిక్షపతి.

అది చూసి మానుకోట తల్లిదండ్రులు అవతలి గోలు ముందు పోటీ ధర్నాకు కూర్చున్నారు. పద్నాలుగు మంది పిల్లలు నడిమధ్యన చేరి, ఉడకబెట్టిన పల్లీలు పంచుకుని తిన్నారు. ఇంకా పదకొండు నిమిషాల ఆట ఉందని నేను గడియారం చూపిస్తూ రెండు గోలుల మధ్యా తిరిగాను. గొడుగు పెద్దమనిషి నా గడియారం కూడా జనగామదే అన్నాడు. చివరికి ఆయన కోపం పట్టలేక గొడుగు మొనతో బంతిని పొడిచాడు. బంతి పెద్దగా నిట్టూర్చి చదునైపోయింది. అప్పుడు అందరూ లేచారు. పోతూ పోతూ భిక్షపతి రెండు జట్ల ముందర కూతురితో, "నువ్వు గాడ నిలవడే కంటె దిష్టిబొమ్మను నిలవెట్టుడు నయం" అన్నాడు. శిరీష తొడుగులు తీయకుండానే నాయన వెనక నడిచింది. గేటు దగ్గర మా బడి పెద్దసారు కమ్లీని ఆపి, ఇంకొక్కసారి ఇలా లొల్లి జరిగితే మైదానానికి తాళం వేస్తానని చెప్పాడు.

ఆ సాయంత్రం కమ్లీ మా ఇంట్లో ఉండగానే శిరీష వచ్చింది. తొడుగులు బల్లమీద జంటగా పెట్టింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాకు తేలికయ్యేది.

"నాయిన ఒస్తె నేను రాను టీచర్. నాయిన రాకుంటె ఒస్త. నాయినను రావొద్దని ఎవలు జెప్తరు?"

ఆ పిల్ల మూడేళ్ళుగా నేర్చుకున్న ఆట ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. తండ్రిని రావద్దంటే ఆ అవమానం ఇంట్లో పిల్ల మీదే తిరుగుతుంది. రమ్మంటే పిల్ల రాదు. కమ్లీ తొడుగులు తీసి మళ్ళీ ఆమె చేతుల్లో పెట్టింది. "నాయిన ఒస్తడు బిడ్డా. నాయిన గొంతు రాదు. గది నా మీద" అంది. శిరీష నమ్మినట్టు కనిపించలేదు. తొడుగులు మాత్రం తీసుకుపోయింది.

నేను నా పద్ధతిలో పని మొదలుపెట్టాను. ఒక తెల్ల కాగితం మీద తొమ్మిది నిబంధనలు రాశాను. గీత దాటరాదు. పిల్లలను పేరు పెట్టి అరవరాదు. రెఫరీని రాజీనామా అడగరాదు. ఇలా తొమ్మిది. మొదటి తప్పుకు హెచ్చరిక, రెండో తప్పుకు గేటు బయటికి. కమ్లీ చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అక్కా, వాళ్ళు ఇరవై రోజుల సంది సర్కారు హుకుములే లెక్కజేస్తలేరు. నీ తొమ్మిది రూళ్ళు జేస్తరా?"

"మరి ఏం చేద్దాం? బయటికి పంపకుండా ఎలా?"

"బయటికి పంపితె గోడ ఎక్కి ఒర్రుతరు." కొంచెంసేపు ఆగి తన తల్లి సంగతి చెప్పింది. "మా యాడి తండాల ఎవలన్న లొల్లి పెట్టుకుంట ఇంటిమీదికి ఒస్తె, ముందుగాల మంచం వాల్చి కూసోమనేది. నీళ్ళిచ్చేది. నిలవడ్డప్పుడు ఒర్రినంత గట్టిగ కూసున్నంక ఒర్రస్తదా అక్కా? ఒర్రి సూడు."

నేను నిలబడి అరిచి చూశాను, కూర్చుని అరిచి చూశాను. ఆమె చెప్పింది నిజమే.

"అయితే ముప్పై మందికి మంచాలెక్కడ తెస్తావు?" అన్నాను.

"మంచాలెందుకు? వాళ్ళకు కూసునుడు ఇష్టమైన జాగ ఒకటే ఉన్నది గద" అంది కమ్లీ.

అక్టోబరు 9, ఆదివారం నేను మైదానానికి వెళ్ళేసరికి గట్టు మీద నాలుగు గుంజల షామియానా వేసి ఉంది. కింద జంపఖానా పరిచి, తెల్లటి దుప్పటి వేశారు. శిబిరం నుంచి మైకు కూడా వచ్చింది. వెనక గుడ్డ మీద ఎర్ర రంగుతో 'మౌన దీక్ష' అని రాసి ఉంది. పక్కన పళ్ళెంలో పన్నెండు బంతిపూల దండలు, ఒక స్టీలు బిందెలో నిమ్మకాయలు. అచ్చం సమ్మె శిబిరమే. భూపాలపల్లి నుంచి చీకటితోనే బయలుదేరిన డీసీఎం వ్యాను తొమ్మిదింటికి చేరింది. పిల్లల వెనక ఇరవై మందికి పైగా గని కార్మికులు దిగారు. వాళ్ళలో ఓదెలు అనే ఆయన గొంతు విని కాకులు లేచిపోయాయి. యంత్రాల మోతలో మాట్లాడి అలవాటైన గొంతు అది. ఆయన దృష్టిలో అది మామూలు మాటే. శిరీష వచ్చింది. గోలు దగ్గర నిలబడి నాయన ఎక్కడున్నాడో చూసుకుంది. భిక్షపతి సరిగ్గా గోలు వెనకే చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

కమ్లీ మైకు తీసుకుంది. "పిల్లల ఆట అయ్యేదాక ఈడ తెలంగాణ కోసం మౌన దీక్ష. దీక్షల కూసునే పెద్దలను నేనే పిలుస్త. పిలిచినంక కాదనొద్దు." అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో ఒక్కరికీ తెలియదు.

ఆట మొదలైన నాలుగో నిమిషంలో, "సిరీ, ఏం సూస్తున్నవే, కండ్లు నెత్తికెక్కినయా!" అని భిక్షపతి అరిచాడు. ఈల మోగింది. ఆట ఆగింది. కమ్లీ పళ్ళెంలోంచి ఒక దండ తీసుకుని, రెండు చేతులా పట్టుకుని, మైదానం అంతా నడిచి గోలు వెనక్కి వెళ్ళింది. వెనక మైకు పట్టుకుని నేను.

"భిక్షపతన్నా, మీ గొంతు జనగామకంత ఎరుకే. గసొంటి గొంతు మూసుకొని కూసుంటెనే గద దీక్షకు ఇలువ. మొదటి దండ మీదే."

"నేనా? నేను కూసుంటె ఆట ఎవలు సూడాలె?"

"మీరే సూడున్రి. నోటితోని సూస్తరా ఏంది?"

చుట్టూ నవ్వులు. ఎవరో "భిక్షపతన్నకు జై" అన్నారు. ఆయన అటూ ఇటూ చూశాడు. తనతో పాటు శిబిరంలో కూర్చునే డ్రైవర్లు ఉన్నారు, భూపాలపల్లి వాళ్ళు ఉన్నారు. తెలంగాణ కోసం గంటసేపు నోరు మూసుకోవడానికి ఒప్పుకోలేదన్న మాట ఊళ్ళో పడితే రేపటినుంచి తల ఎత్తుకోలేడు. పైగా ఎదురుగా దండ. దండకు తల వంచని మనిషిని ఆ ఉద్యమంలో నేను చూడలేదు. భిక్షపతి తల వంచాడు. చప్పట్ల మధ్య నడిచి వెళ్ళి దుప్పటి మీద మొదటివాడుగా కూర్చున్నాడు. మొహంలో కొంత గర్వం, కొంత అనుమానం.

రెండో దండ ఓదెలుది. "ఓ టీచరమ్మా! చెయ్యి తాకింది, చెయ్యి!" అని అరిచాడు. తర్వాత దండ చూసి వెనక్కి తగ్గి, "మాది భూపాలపల్లి. మాగ్గూడ దండా?" అన్నాడు.

"భూపాలపల్లి తెలంగాణల లేదా అన్నా?" అంది కమ్లీ.

ఓదెలు వెళ్ళి భిక్షపతి పక్కన కూర్చున్నాడు. మూడో దండ ఒక తల్లిది. కొడుకును తోసిన ఎదుటి పిల్లవాణ్ణి "నీ కాళ్ళకు మన్నువడ" అని తిట్టింది. దీక్షలో మొదటి మహిళ అని మైకులో చెప్పేసరికి ఆమె పైట సర్దుకుని హుందాగా వచ్చి కూర్చుంది. విరామం లోపల పన్నెండు దండలూ అయిపోయాయి. అంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది.

ఆ తర్వాత నేను ఊహించనిది జరిగింది. ఒక గుమాస్తా గీత దగ్గరికి వచ్చి, బంతి బయటికి పోయి పిల్లలు దాన్ని వెతుకుతుంటే, "ఆఫ్‌సైడ్!" అని గట్టిగా అరిచి కమ్లీ వైపు ఆశగా చూశాడు. సమ్మె మొదలై ఇరవై ఏడు రోజులైనా శిబిరంలో ఆయన వంతు రాలేదట, ఒక్క దండ పడలేదట. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు అరిచారు. నేను కమ్లీ దగ్గరికి పరుగెత్తాను.

"వీళ్ళు దండ కోసమే అరుస్తున్నారు. మనం అరుపులకు బహుమతి ఇస్తున్నట్టయింది. లెక్క తప్పింది కమ్లీ."

"దండ ఏసినంక కూసుంటున్నరా లేదా? అది జెప్పక్కా."

"కూర్చుంటున్నారు."

"మల్ల ఒర్రుతున్నరా?"

"లేదు."

"అయితె గుచ్చు" అని సూది నా చేతిలో పెట్టింది.

శిబిరంలో పేర్చే బతుకమ్మలకు తెచ్చి మిగిలిన పూలు ఆడవాళ్ళ గంపల్లో ఉన్నాయి. నేను గడియారం ఒళ్ళో పెట్టుకుని, గట్టున కూర్చుని, తొడిమలు తుంచి గుచ్చడం మొదలుపెట్టాను. ఒక కన్ను పూల మీద, ఒక కన్ను ముల్లు మీద. ముప్పై నాలుగేళ్ళు తప్పు చేసినవాళ్ళను నిలబెట్టిన చేతులతో, ఆ రోజు తప్పు చేసినవాళ్ళను కూర్చోబెట్టడానికి పంతొమ్మిది దండలు గుచ్చాను. మొత్తం ముప్పై ఒకటి. చివరి దండలు చిన్నవయ్యాయి. తలకు పట్టక ఒకాయన చెవికి వేలాడదీసుకున్నాడు.

ఆట ముప్పై మూడో నిమిషంలో మా జట్టు గోలు కొట్టింది. కొట్టిన పిల్లవాడు ఎగిరి, అరుపుల కోసం గట్టువైపు తిరిగాడు. షామియానా కింద చప్పుడు లేదు. జనగామ తండ్రులు చేతులు పైకెత్తి ఊపుతున్నారు. వాళ్ళ మధ్యన భూపాలపల్లి వాళ్ళు దండల్లోంచి ఒక్కో రేక పీకుతున్నారు. ఆ పిల్లవాడు ఒక్క క్షణం తికమకపడి, తనూ చేతులు ఊపాడు. పిల్లల మాటలు, బంతి దెబ్బ, బూట్ల కింద ఇసుక, ఇవే వినిపించాయి. ఏడేళ్ళలో ఆ మైదానంలో ఆట చప్పుడు విన్నది నేను అప్పుడే.

నలభై తొమ్మిదో నిమిషంలో కమ్లీ భూపాలపల్లికి పెనాల్టీ ఇచ్చింది. న్యాయమైనదే. వారం కింద ధర్నా జరిగింది సరిగ్గా ఆ గోలు ముందే. నేను సూది ఆపి షామియానా వైపు చూశాను. భిక్షపతి మోకాళ్ళ మీద లేచాడు. దండ నోట్లో కుక్కుకున్నాడు. పక్కన ఓదెలు ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నది ఆయన్ని ఆపడానికో, తనను తాను ఆపుకోవడానికో తెలియదు. శిరీష ఒకసారి నాయన వైపు చూసింది. నోరు నిండా పూలతో ఉన్న ఆ మొహం చూసి ఏమనుకుందో, తల తిప్పి బంతివైపు చూసింది. మళ్ళీ ఇటు చూడలేదు. ముందుకు పరుగెత్తలేదు. ఉన్నచోటే ఉంది.

భూపాలపల్లి పిల్ల కొట్టింది. శిరీష ఎడమవైపు పడింది. బంతి తొడుగులకు తగిలి, వెదురు గుంజకు తగిలి, బయటికి పోయింది.

భిక్షపతి ఎగిరి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. రేకులు రాలాయి. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఒక్క అక్షరం బయటపడితే మొదటి దండ వేసుకున్న మనిషే దీక్ష తప్పినట్టు. నోరు మూశాడు. లోపలున్న సంతోషానికి దారి లేక, రెండు చేతులతో షామియానా గుంజను పట్టుకుని ఊపాడు. గుంజ పటుక్కున విరిగింది. షామియానా మొత్తం ముప్పై ఒక్కమంది మీదా మెల్లగా కూలింది. ఆ గుడ్డ కింద తలలు కదులుతున్నాయి, మోచేతులు లేస్తున్నాయి, ఎవరో ఎవరినో తొక్కుతున్నారు. ఒక్కరు కూడా "అబ్బా" అనలేదు. నేను చాలా ఊరేగింపులు చూశాను, సభలు చూశాను. ఆ గుడ్డ కింది నిశ్శబ్దమంత గొప్పదాన్ని మాత్రం ఉద్యమంలో ఇంకెక్కడా వినలేదు.

ఆ నిమిషం పూర్తయిందని చెయ్యి ఎత్తాను. కమ్లీ చివరి ఈల ఊదింది. దీక్ష విరమణకు నిమ్మరసం ఇవ్వాలి కదా. ఎవరి పిల్లలు వాళ్ళకే ఇవ్వాలి, కమ్లీ పెట్టిన ఒక్క నియమం అదే. పిల్లలు గ్లాసులు పట్టుకుని గుడ్డ ఎత్తి ఎత్తి తమవాళ్ళను వెతుక్కున్నారు. శిరీష తొడుగులు తీయకుండానే గ్లాసు రెండు చేతులా పట్టుకుని నాయన ముందు నిలబడింది. ఆయన ఒక్క గుక్కలో తాగాడు. గ్లాసు తిరిగిచ్చాడు. ఇప్పుడు మాట్లాడవచ్చు.

"గట్ల ఎట్ల పట్టినవే?" అన్నాడు.

శిరీష చెప్పింది: "సప్పుడు లేకుంటె బంతి ఇనవడ్డది నాయినా."

భిక్షపతి కూతురి చేతిలోంచి ఒక తొడుగు లాగి, అరచెయ్యి చూసి, తన మెడలోని దండ తీసి ఆ పిల్ల మెడలో వేశాడు. సగం పూలు అప్పటికే తినేసి ఉన్నాడు. వెనక ఓదెలు గొంతు విప్పి, "చెయ్యి తాకిందని నేను ఒర్రితి గద, అది మా పోరనిదే!" అన్నాడు. ఆకాశం అదిరేలా నవ్వులు లేచాయి. మైదానానికి తాళం పడలేదు. గేటు దగ్గర పెద్దసారు తాళం చెయ్యి జేబులో వేసుకుని, తనకు కూడా ఒక గ్లాసు నిమ్మరసం కావాలన్నాడు.

సమ్మె నలభై రెండో రోజున ఆగింది. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. షామియానా అవసరం తీరిపోయినా, ఆట జరిగిన ప్రతిసారీ కమ్లీ గట్టున ఒక ఖాళీ కుర్చీ వేసి, దాని వీపుకు ఒక బంతిపూల దండ తగిలించేది. ఎవరి గొంతు లేచినా అందరూ ఆ కుర్చీవైపు చూసేవారు. గొంతు తనంతట తనే దిగేది. శిరీష పదో తరగతి దాకా గోలులో నిలబడింది. భిక్షపతి ప్రతి ఆటకూ వచ్చాడు. గోల్‌కీపర్ ముందుకు పరుగెత్తకూడదని ఇతర తండ్రులకు చెప్పేవాడు కూడా, కాస్త నెమ్మదిగా.

కమ్లీకి తర్వాత రేగొండ వైపు బదిలీ అయింది. 2022 జూలైలో జబ్బు చేసి పోయింది. నేను తొర్రూరు దాకా బస్సులో వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో తండాకు చేరేసరికి, గోడవారగా భిక్షపతి కూర్చుని ఉన్నాడు. పొద్దుననే వచ్చాడట. ఒళ్ళో బంతిపూల దండ. సాయంత్రం నేను తిరిగి బయలుదేరేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

మా గుమ్మం పక్కన ఇప్పుడు ఒక మడత కుర్చీ ఉంటుంది. పోయిన నెల పై వాటాలోని అబ్బాయి నీళ్ళ మోటారు నేనే ఎక్కువసేపు వేస్తున్నానని మెట్లు అదిరేలా దిగివచ్చాడు. తప్పు అతనిదేనని నాకు తెలుసు. నిమిషాలతో సహా తెలుసు. కుర్చీ వాల్చి, "ముందు కూర్చో నాయనా" అన్నాను. కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను. తాగాడు. లేచేటప్పుడు తనే మెత్తగా సారీ చెప్పాడు. లెక్క మాత్రం నేను వదల్లేదు. అతను శాంతించాక మొత్తం చెప్పే పంపాను. కమ్లీ ఉంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

పోయినవాటి లెక్క రాసి ఆపుతాను. గొడుగు మొన దిగిన ఫుట్‌బాల్ ఒకటి. షామియానా గుంజ ఒకటి. నేను రాసిన తొమ్మిది నిబంధనలు. గేటుకు అంటిస్తే మేక తిన్నది. మానుకోట పిల్లలతో ఆడకుండా మిగిలిపోయిన ఆట, పదకొండు నిమిషాలు. ఎర్ర దారం ఈల. కమ్లీ.